నడివయసులో అల్జీమర్స్ వచ్చిన తండ్రి: ఆయన జీవితాన్ని ఎక్కణ్ణుంచి నమోదు చేయాలి?

యాభై రెండేళ్ల తండ్రికి అల్జీమర్స్ వచ్చిందనుకుందాం. ఆయనకు పదేళ్ల కూతురు ఉంది. జబ్బు ముదిరేకొద్దీ ఆయనలోంచి ముందుగా జారిపోయేవి ఆ పిల్లతో గడిపిన రోజులే. ఎప్పుడో హైస్కూల్లో పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడి సంగతులు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. ఒకరోజు కూతుర్ని చూసి చెల్లెలనుకుని పిలుస్తారు. నాన్నకు తనంటే ఇష్టం తగ్గిందేమోనని ఆ పిల్ల కుమిలిపోతుంది. ఇష్టానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఇంట్లో పెద్దవాళ్లు ఆ పిల్లకు స్పష్టంగా చెప్పాలి. చెప్పాలంటే ముందు వాళ్లకు ఈ జబ్బు నడిచే వరస తెలియాలి.

కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి తర్వాత పోతాయి. ఫ్రెంచ్ మనస్తత్వ శాస్త్రవేత్త థియోడ్యూల్ రిబో 1881లోనే ఈ సంగతి రాశారు. కొత్త అనుభవాన్ని పట్టి నిలిపే పని మెదడులో కణతల లోపలివైపు ఉండే హిప్పోక్యాంపస్‌ది. అల్జీమర్స్‌లో టౌ అనే ప్రోటీన్ ముడులు మామూలుగా దాన్ని ఆనుకుని ఉన్న భాగంలోనే ముందు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి తలుచుకున్న, పదిమందికీ చెప్పుకున్న సంగతులు అప్పటికే మెదడు పైపొరలో చాలాచోట్ల పాతుకుపోయి ఉంటాయి కనుక ఎక్కువకాలం తట్టుకుంటాయి. పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మిగతావాటికంటే గట్టిగా నిలుస్తాయి.

ఎనభై ఏళ్ల మనిషికి ఈ జబ్బు వస్తే ఆయన పెళ్లి, పిల్లల పెంపకం, ఉద్యోగం అన్నీ అప్పటికే పాత జ్ఞాపకాల్లో చేరిపోయి ఉంటాయి. నడివయసు మనిషికి అవి ఇంకా తాజావి. భర్తగా, తండ్రిగా ఆయన బతికిన కాలంలో పెద్ద భాగం సరిగ్గా జబ్బు ముందుగా కొట్టే చోటే ఉంది.

జీవిత కథ రాయించేవాళ్లు సాధారణంగా బాల్యంతో మొదలుపెట్టి ముందుకు వస్తారు. ఈయన విషయంలో అది తిరగబడాలి. ముందు గత పదేళ్లు, తర్వాత పిల్లలు పుట్టిన రోజులు, పెళ్లి, ఉద్యోగం, చివర్న చదువు, బాల్యం. బాల్యం గురించి రెండేళ్ల తర్వాత అడిగినా చెప్పగలుగుతారు. అప్పటికి చెప్పలేకపోయినా అన్నదమ్ములూ పాత స్నేహితులూ ఉంటారు. చిన్న కూతుర్ని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఏమనిపించిందో చెప్పగలిగినవారు ఆయన ఒక్కరే, అదీ ఇప్పుడే.

తెలియక ముందు గడిచిన ఏళ్లు

అరవై అయిదేళ్లు నిండకముందే లక్షణాలు మొదలైతే దాన్ని చిన్న వయసు అల్జీమర్స్ అంటారు. మొత్తం అల్జీమర్స్ రోగుల్లో వీళ్లు నూటికి అయిదారుగురు. కానీ ఈ జబ్బును లోకానికి చూపించిన మొదటి రోగి ఆ అయిదారుగురి కోవలోని మనిషే. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగుస్టె డేటర్ అనే 51 ఏళ్ల ఆవిడను డాక్టర్ అలోయిస్ అల్జీమర్ పరీక్షించారు. పేరడిగితే ఆగుస్టె అంది. ఇంటిపేరు అడిగినా ఆగుస్టె అనే అంది. భర్త పేరు అడిగితే, ఆగుస్టె అనుకుంటాను అంది. 1906లో ఆమె చనిపోయాక ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, కణాల బయట పేరుకున్న పదార్థాన్నీ లోపలి ముడులనూ వర్ణించారు. 1910లో జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ పేరును నడివయసు రోగులకే వాడారు. ఇవాళ అది ముసలివాళ్ల జబ్బుగానే అందరి బుర్రల్లో స్థిరపడిపోయింది. యాభై ఏళ్ల మనిషి తడబడుతుంటే ఎవరికీ అనుమానం రాకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం ఇంతకంటే ముఖ్యమైనది. డేటర్ విషయంలో మొదట బయటపడిన లక్షణాల్లో ఒకటి భర్త మీద విపరీతమైన అనుమానం. చిన్న వయసులో జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మొదట దెబ్బతినేది జ్ఞాపకశక్తి కాదు. కొందరికి మెదడు వెనక భాగం ముందు దెబ్బతింటుంది. కళ్లు బాగానే ఉంటాయి, చూసినదాన్ని మెదడు పోల్చుకోలేదు. మెట్టు అంచు తెలియదు, కారు పార్క్ చేసేటప్పుడు గోడకు తగులుతుంది, పేజీలో చదువుతున్న వరస తప్పిపోతుంది. ఏడాదిలో మూడుసార్లు కళ్లజోడు మారుస్తారు, ఫలితం ఉండదు. కొందరికి మాట ముందు పోతుంది. పదం కోసం వాక్యం మధ్యలో ఆగిపోతారు, ఫోన్ నంబరు విని తిరిగి చెప్పలేరు. మరికొందరిలో ముందుభాగం దెబ్బతిని ప్రణాళిక, నిర్ణయం, చొరవ పోతాయి. బిల్లులు కట్టరు, మొదలుపెట్టిన పని వదిలేస్తారు, ఇంట్లో ఏం జరిగినా పట్టనట్టు కూర్చుంటారు.

వీటిని పని ఒత్తిడి అనో, డిప్రెషన్ అనో, తాగుడు అనో, భార్యాభర్తల గొడవ అనో అనుకోవడం చాలా సులువు. సినీనటి రీటా హేవర్త్ లక్షణాలను చాలా ఏళ్లపాటు తాగుడు ఖాతాలోనే వేశారు. చిన్న వయసు రోగుల్లో మొదటి లక్షణానికీ జబ్బు నిర్ధారణకీ మధ్య సగటున నాలుగేళ్లకు పైనే పడుతుంది. ఆ నాలుగేళ్లలో ఇంట్లో ఎన్నో మాటలు అనుకుంటారు. ఆయన మారిపోయాడని, బాధ్యత వదిలేశాడని, మొండివాడయ్యాడని. జబ్బు పేరు తెలిశాక కూడా ఆ ముద్ర చెరగదు. మనిషిని సరిగ్గా గుర్తుపెట్టుకోవాలంటే ఈ ఏళ్లను మళ్లీ చదవక తప్పదు.

దానికి ఒక పద్ధతి ఉంది. పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఏ నెల, ఏం జరిగింది, అప్పుడు మనమేం అనుకున్నాం, ఇప్పుడేం అనుకుంటున్నాం. నిర్ధారణ తేదీ నుంచి వెనక్కి వెళ్లండి. ఒట్టి జ్ఞాపకం మీద ఆధారపడకుండా కాగితాలు తీయండి. ఒకే బిల్లు రెండుసార్లు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, కారు గీతలకు చేయించిన రిపేరు రసీదులు, వంకర తిరగడం మొదలైన సంతకాలు, ఆఫీసు సమీక్ష పత్రాలు, ఫోన్లో పాత సందేశాలు. మామూలుగా పొడుగ్గా రాసే మనిషి సందేశాలు ఏ నెల నుంచి రెండు మూడు మాటలకు కుదించుకుపోయాయో చూస్తే చాలాసార్లు తేదీ దొరుకుతుంది.

ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. ఒకటి, కోపం వచ్చిన ప్రతిసారీ అది ఆయన తప్పేనని పాత లెక్కను అలాగే ఉంచడం. రెండోది, అమిలాయిడ్ అనే పదార్థం లక్షణాలకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందు నుంచే పేరుకుంటుందని చదివి, ఆ కాలంలో ఆయన చేసిందంతా జబ్బే చేయించిందనుకోవడం. అమిలాయిడ్ పేరుకోవడం వేరు, మెదడు పని దెబ్బతినడం వేరు. ప్రవర్తన మారేది నరాల కణాలూ వాటి మధ్య సంబంధాలూ తెగడం మొదలయ్యాకే. ముప్పై అయిదేళ్ల వయసులో అన్నతో ఆస్తి గురించి పోట్లాడి ఉంటే ఆ పోట్లాట ఆయనదే. దాన్ని జబ్బు మీదకు తోసేస్తే మనిషిలో నిజమైన ముక్క ఒకటి పోతుంది. తేలని సంగతుల దగ్గర నాలుగో గడి ఖాళీగా వదిలేయడమే మంచిది.

ఉద్యోగం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నిర్ధారణకు ముందే విసిగిపోయి రాజీనామా చేస్తే అనారోగ్య సెలవూ, బీమా, వైకల్య ప్రయోజనాలూ పోవచ్చు. ఆఫీసు రికార్డులో అసమర్థుడన్న మాట అలాగే మిగిలిపోతుంది. అనుమానం ఉంటే ముందు పరీక్ష, తర్వాతే రాజీనామా మాట.

రికార్డింగు ఎలా చేయాలి

జబ్బు పేరు తెలిసిన మొదటి నెలల్లోనే మొదలుపెట్టండి. మందు వాడుతున్నాం కదా, కొన్నాళ్లు ఆగుదామనుకోవద్దు. డోనెపెజిల్‌లాంటి మందులు కొందరికి కొంతకాలం పనికొస్తాయి. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందు ప్రధాన పరీక్షలో 18 నెలల కాలంలో క్షీణత వేగాన్ని 27 శాతం తగ్గించింది, కానీ దానితో మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఉంది. అంటే నెమ్మదిగానైనా క్షీణత సాగుతూనే ఉంటుంది. పోయిన జ్ఞాపకం దేనితోనూ తిరిగి రాదు.

ఒక్కో విడతకు ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. చాలామందికి ఉదయం పూట తెరిపిగా ఉంటుంది, పొద్దు వాలేకొద్దీ గందరగోళం పెరుగుతుంది. గదిలో ఇద్దరే ఉండాలి. టీవీ, ఫ్యాను ఆపండి. ఫోన్ ఆయన నోటికి జానెడు, మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. బల్ల మీద నేరుగా పెడితే చేయి తగిలిన ప్రతి చప్పుడూ రికార్డవుతుంది. ముందు ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి.

అడిగే తీరులోనే అసలు కిటుకు ఉంది. “గుర్తుందా?” అన్న మాట వాడొద్దు. ఏ సంవత్సరం, ఎవరి పేరు, ఏ ఊరు అని అడగొద్దు. అవి పరీక్ష ప్రశ్నలు, ఆయన తప్పకుండా తప్పేవి కూడా అవే. ఒక వస్తువు చేతికివ్వండి: ఆయన వాడిన స్క్రూడ్రైవరు, పాప మొదటి చెప్పులు, పాత ఐడీ కార్డు. “దీని గురించి చెప్పండి” అని ఊరుకోండి. పది, పదిహేను సెకన్లు నిశ్శబ్దంగా ఉన్నా మధ్యలో మాట అందించొద్దు. ఆయన అప్పుడే వెతుక్కుంటూ ఉంటారు. తప్పు చెప్పినా దిద్దొద్దు. దిద్దుబాటు తర్వాత కాగితం మీద చేసుకోవచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, సంగతి మరిచిపోయినా అది కలిగించిన బాధ ఉండిపోతుంది. 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు విషాద దృశ్యాలూ సంతోష దృశ్యాలూ చూపించారు. చూసినవేమిటో వాళ్లు చాలావరకు మరిచిపోయారు, ఆ దిగులు, ఆ సంతోషం మాత్రం వదల్లేదు. మీరడిగిన ప్రశ్న అయిదు నిమిషాల్లో పోవచ్చు, జవాబు రాక కలిగిన అవమానం మాత్రం మధ్యాహ్నం దాకా ఉంటుంది. రేపు మళ్లీ ఫోన్ తీస్తే ఎందుకో తెలియకుండానే ఆయన లేచి వెళ్లిపోతారు.

జబ్బు రకాన్ని బట్టి పద్ధతి మారాలి. మాట ముందు పోయే రకమైతే మిగతావన్నీ పక్కనపెట్టి ఈ వారమే గొంతు రికార్డు చేయండి. పిల్లల్ని పిలిచే తీరు, ఫోనెత్తినప్పుడు అనే మాట, ఆయన ఊతపదాలు, నవ్వు. చూపు పోల్చుకోలేని రకమైతే ఫొటోలు చూపించి అడగడం హింసే అవుతుంది. చేతితో తడిమే వస్తువులు, పాటలు, వాసనలు వాడండి. చొరవ పోయిన రకమైతే ఖాళీ ప్రశ్నకు జవాబు రాదు. సంగతిని మీరే సగం చెప్పి ఆపితే మిగతాది అందుకుంటారు.

చేతి పనులు వేరే దారిలో నిలుస్తాయి. సైకిలు తొక్కడం, కూరలు తరగడం, వాయిద్యం వాయించడంలాంటివి హిప్పోక్యాంపస్ మీద అంతగా ఆధారపడవు. కనుక మాటల రికార్డు కష్టమైన దశలో కూడా ఆయన చేతుల వీడియో తీయొచ్చు. పక్కనుంచి, భుజం ఎత్తులో, చేతులు నిండుగా కనపడేలా.

పిల్లలకు ఉత్తరాలు రాయించేవాళ్లు ప్రతి పుట్టినరోజుకీ ఒకటి చొప్పున ఇరవై రాయించాలని చూస్తారు. మూడోదానికే ఆయన అలిసిపోతారు, తాను ఉండని రోజుల గురించి ఊహించి రాయడం ఆయన మీద పెద్ద బరువు. పిల్ల ఇప్పుడెలా ఉందో, ఆమెలో తనకు నచ్చినదేమిటో ఒక్క పేజీ చాలు. వ్యాకరణం దిద్దకండి, కొట్టివేతలు అలాగే ఉంచండి.

రికార్డులకు తేదీ, విషయం కలిపి పేరు పెట్టండి. మూడు నకళ్లు ఉండాలి, రెండు వేర్వేరు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఇంట్లో. పాత ఫొటోలు నాలుగు ఆరు అంగుళాలవైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయండి. వెనక పేర్లు మెత్తని పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ నొక్కుడు ముందువైపు తేలుతుంది, సిరా కూడా పాకుతుంది.

ఆయన చేతిలో ఉండే పుస్తకం

పిల్లల కోసం దాచేది వేరు, ఆయన రోజూ తిరగేసేది వేరు. రెండోది పదిహేను, ఇరవై పేజీలు మించకూడదు. పేజీకి ఒకే ఫొటో, అందులో ఇద్దరు ముగ్గురికి మించి మనుషులు ఉండొద్దు. కింద 24 పాయింట్లకు తగ్గని అక్షరాల్లో పూర్తి వాక్యం: “ఇది నా పెద్ద కొడుకు. వాడికి నేను ఈత నేర్పాను.” మెరిసే లామినేషన్ వద్దు, దీపం వెలుతురు దానిమీద పడి బొమ్మ కనపడదు. తనంతట మారే డిజిటల్ ఫ్రేమ్ కూడా వద్దు. పోల్చుకునేలోపే బొమ్మ వెళ్లిపోతుంది.

చూసుకునేవాళ్లకు వేరే ఒక పేజీ రాసివ్వండి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ చేత్తో తింటారు, దేనికి భయపడతారు, ఏం చేస్తే నెమ్మదిస్తారు, ఏ ఉద్యోగం చేశారు. ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీ చేసిన మనిషి అర్ధరాత్రి లేచి తలుపులన్నీ లాగి చూస్తుంటే దాన్ని రోగలక్షణమని మందివ్వడానికి ముందు, అది ఆయన పని అని నర్సుకు తెలియాలి. తోడు వెళ్లి, అన్నీ వేసే ఉన్నాయని చెబితే చాలాసార్లు వచ్చి పడుకుంటారు.

ఫోన్, ఖాతాలు

మిగతా జబ్బుల్లో మనిషి పోయాక వచ్చే సమస్య ఇందులో ముందే వస్తుంది. ఆయన ఫోన్ వాడటం మానేసేది చనిపోవడానికి ఎన్నో ఏళ్ల ముందు. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, ఆ నిబంధన ప్రకారం తొలగింపులు 2023 డిసెంబరులో మొదలయ్యాయి. వాట్సాప్ ఖాతా మామూలుగా 120 రోజులు వాడకపోతే పోతుంది. యాపిల్‌లో వారసుడిగా ఒకరిని పెట్టుకునే సదుపాయం ఉంది, అయితే అది మరణ ధ్రువపత్రం చూపించాకే పనిచేస్తుంది. జబ్బుతో బతికి ఉన్న ఏళ్లలో దానివల్ల ఉపయోగం లేదు. అందుకని నిర్ణయం తీసుకునే శక్తి ఉండగానే ఆయన ఒప్పుకోలుతో పాస్‌వర్డులు రాసుకోండి, గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ (కొంతకాలం వాడకపోతే ఖాతాలోని సమాచారం ఆయన ఎంచుకున్నవాళ్లకు అందించే సదుపాయం) పెట్టించండి, వాయిస్ మెసేజీలు విడిగా కాపీ చేయండి. ఓటీపీలన్నీ వచ్చే ఆ సిమ్ నంబరును వదులుకోవద్దు. వీలునామా, తన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికార పత్రం కూడా జబ్బు పేరు తెలిసిన ఆ మొదటి నెలల్లోనే పూర్తికావాలి.

పోయాక రాసే నాలుగు మాటలు

జబ్బు చివరి ఏళ్లు ఇంట్లోవాళ్ల కళ్లముందు ఎంత దట్టంగా నిలుస్తాయంటే, వాటి వెనక నలభై అయిదేళ్ల మనిషి కనపడడు. నివాళి రాయడానికి కూర్చున్నవాళ్లకు ఆసుపత్రి మంచమే గుర్తొస్తుంది. అందుకే ఇంటి బయటివాళ్లను అడగాలి, ఆ చివరి దశను చూడనివాళ్లను. ఆఫీసు సహోద్యోగి, కాలేజీ స్నేహితుడు, పిల్లల స్కూలు దగ్గర కలిసే మరో తండ్రి. “ఎలాంటివారు?” అనడిగితే మంచివారనే జవాబు వస్తుంది. “ఆయన మీకు నేర్పిన పని ఏదైనా ఉందా? దేనికి చిరాకు పడేవారు? ఏ మాటకు నవ్వేవారు?” అని అడగండి.

నివాళిలో జబ్బు పేరు రాయండి. దీర్ఘకాల అనారోగ్యం అని దాటేస్తే రేపు మనవలకు అవసరమయ్యే సమాచారం అక్కడే పోతుంది. కానీ దానికి రెండు మూడు వాక్యాలే ఇవ్వండి. కోపిష్టి అయితే కోపిష్టి అనే రాయండి, ఏ వయసు నుంచి ఆ కోపం మారిందో మీ నాలుగు గడుల కాగితం చెబుతుంది.

మెదడు దానం చేయాలనుకుంటే బతికుండగానే నమోదు చేయించడం మంచిది, ఎందుకంటే మరణించాక వీలైతే 24 గంటల్లోపే తీసుకోవాలి. జబ్బు ఏ రకమో పూర్తిగా తేలేది అలా తీసుకున్న మెదడును పరీక్షించినప్పుడే, అది పిల్లలకు పనికొచ్చే సమాధానం.

చివరగా వంశవృక్షం. ఏపీపీ, ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 అనే మూడు జన్యువుల్లో ఏదో ఒకదాని మార్పు వల్ల వచ్చే రకం మొత్తం అల్జీమర్స్‌లో నూటికి ఒకటి కంటే తక్కువ. చిన్న వయసు రోగుల్లో కూడా ఎక్కువమందిది ఆ రకం కాదు. అయితే ఆ రకమైతే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది, లక్షణాలు కూడా దాదాపు తల్లికో తండ్రికో వచ్చిన వయసులోనే మొదలవుతాయి. కనుక మూడు తరాల పేర్లు రాసి, ఒక్కొక్కరి పక్కన చనిపోయిన వయసుతో పాటు మొదటి తేడా కనిపించిన వయసు కూడా రాయండి. వరసగా రెండు తరాల్లో అరవైలోపు మొదలైనట్టు తేలితే జన్యు సలహాదారును కలవండి. చిన్నపిల్లలకు ఈ జన్యు పరీక్ష చేయించకూడదు. ఈ జబ్బును రాకుండా ఆపే మందు లేదు, తెలుసుకోవాలో వద్దో పెద్దయ్యాక వాళ్లు తేల్చుకోవలసిన సంగతి. వాళ్లు అడిగిన రోజున ఇవ్వడానికి ఆ వంశవృక్షం, నిర్ధారణ పత్రం, స్కాన్ నివేదికల నకళ్లు ఒకే కవరులో పెట్టి, అదెక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసేలా చూడండి.